బ్రేక్ వేయగానే బగ్గీ గిర్రున తిరిగిపోతోంది: ముందు ఏది సరిచేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నైట్రో ఇంధనంతో నడిచే 1/8 సైజు రిమోట్ కంట్రోల్ బగ్గీ, మట్టి ట్రాక్. స్ట్రెయిట్ చివర హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే ఇరుకు మలుపు) దగ్గర బ్రేక్ వేస్తే వెనక భాగం పక్కకు జారి బండి తిరిగిపోతోంది. ఒకరు ఈపీఏ (బ్రేక్ గరిష్ఠంగా ఎంత పడాలో రిమోట్‌లో పెట్టే హద్దు) తగ్గించమన్నారు, ఇంకొకరు ముందు బ్రేక్ పెంచమన్నారు, మూడో ఆయన టైర్లే మార్చమన్నారు. త్వరలో ఎలక్ట్రిక్ బగ్గీ కొంటున్నారు కాబట్టి అక్కడా ఇదే పద్ధతా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. వెనక బ్రేక్ సర్దే నట్టును అర చుట్టు వదులు చేయండి. ముందు బ్రేక్, ఈపీఏ, టైర్లు, వేటినీ ముట్టుకోకుండా పది ల్యాప్‌లు తిప్పండి. పదింట ఎనిమిదిసార్లు దీంతోనే సగం రోగం పోతుంది. మిగతా సగం మీ వేలిలో ఉంటుంది. దాని గురించి కింద రాశాను, అది కాస్త పెద్ద కథ.

ఎలక్ట్రిక్‌లో పద్ధతి వేరు. అదీ చివర్లో చెప్తాను.

ఇప్పుడు కారణం. చిన్నప్పుడు ఇసుకలో సైకిల్ వెనక బ్రేక్ పట్టి జర్రున తిప్పేవాళ్ళం గుర్తుందా? మీ బగ్గీ చేస్తున్నది అదే. చక్రం ఆగిపోయి జారడం మొదలైతే పక్కకు పట్టు ఉండదు. వెనక చక్రాలు లాక్ అయితే వెనక భాగం పక్కకు వచ్చేస్తుంది. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగా పోయి ట్రాక్ అంచు పైపుకు కొట్టుకుంటుంది. ముందు లాక్ అయితే తిరగదు, వెనక లాక్ అయితే తిరిగిపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే ట్రాక్ పక్కన ఎవరు ఏ సలహా ఇచ్చినా మీరే తూకం వేసుకోగలరు.

మరి బ్రేక్ బలం ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత? అందరూ 60-40 అంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి లెక్క వేసి చూశాను. బండి బరువు మూడున్నర కిలోలు అనుకోండి. నిలబడి ఉన్నప్పుడు ముందు 45 శాతం, వెనక 55 శాతం, అంటే సుమారు 1.6 కిలోలు, 1.9 కిలోలు. వీల్‌బేస్ 32.5 సెంటీమీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మంచి పట్టున్న మట్టి మీద గట్టిగా బ్రేక్ వేస్తే గురుత్వంలో 0.7 వంతు వేగంతో బండి మందగిస్తుంది. అప్పుడు వెనక నుంచి ముందుకు జరిగే బరువు 3.5 × 0.7 × 6 ÷ 32.5, అంటే దాదాపు 450 గ్రాములు. ముందు రెండు కిలోలు దాటింది, వెనక కిలోన్నరకు దిగింది. ఏ చక్రాల మీద ఎంత బరువు ఉంటే అంత బ్రేక్ పడాలి కాబట్టి ముందు వాటా 58 శాతం. ఆ 60-40 అనే మాట ఇదే.

ఇప్పుడు అదే ట్రాక్ మీద మధ్యాహ్నం నీళ్ళు ఆరిపోయి పైన దుమ్ము లేచిందనుకోండి. పట్టు 0.4కు పడిపోతుంది. అప్పుడు జరిగే బరువు 260 గ్రాములే, ముందు వాటా 52 శాతం. ఉదయం సరిగ్గా ఆగిన బండే మధ్యాహ్నం ముందు చక్రాలు లాక్ చేసుకుని నేరుగా పోతుంది. మీరేమీ మార్చలేదు, ట్రాక్ మారింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి మీద ఎండాకాలం తిప్పినవాళ్ళకు ఇది బాగా తెలుసు. పొద్దున ఎనిమిదికి నీళ్ళు కొట్టిన నేల వేరు, పదకొండుకు అదే నేల వేరు. అందుకే ‘మీ బయాస్ (ముందు వెనక బ్రేక్ నిష్పత్తి) ఎంత’ అని ఎవరైనా అడిగితే ‘ఏ పూట?’ అని ఎదురు అడుగుతాను. పట్టు తగ్గితే ముందు వాటా తగ్గాలి, పట్టు పెరిగితే ముందు వాటా పెరగాలి. కార్పెట్ పరిచిన ట్రాక్ మీద తిప్పేవాళ్ళు చెప్పే అంకెలు మనకు పనికిరానిది కూడా ఇందుకే.

సరే, బండి దగ్గరికి వద్దాం. నైట్రో బగ్గీలో సెంటర్ డిఫ్‌కు (ముందు వెనక ఇరుసులకు బలం పంచే మధ్య డిఫరెన్షియల్‌కు) అటొక డిస్క్, ఇటొక డిస్క్ ఉంటాయి. ఒకే సర్వో (రిమోట్ మాట విని కదిలే చిన్న మోటారు) థ్రాటిల్‌నూ బ్రేక్‌నూ నడుపుతుంది. సర్వో హార్న్ నుంచి రెండు సన్నటి కడ్డీలు బ్రేక్ క్యామ్‌లకు (ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే ముక్కలకు) వెళ్తాయి, వాటి మీద చేత్తో తిప్పే నట్లు ఉంటాయి. నేను సర్దుకునే వరుస ఇది. మీరు మీ వీలుకొద్దీ మార్చుకోండి.

ఇంజిన్ ఆపి, బండిని స్టాండ్ మీద పెట్టి, రిమోట్, రిసీవర్ ఆన్ చేయండి. ట్రిగ్గర్ వదిలేసినప్పుడు నాలుగు చక్రాలూ చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి. ఎక్కడైనా రాపిడి ఉంటే డిస్క్ వంగిందేమో, ప్యాడ్‌కు డిస్క్‌కు మధ్య సందు ఉందో లేదో చూడండి. నేను విజిటింగ్ కార్డు మందం సందు పెట్టుకుంటాను. ఇక్కడ రాపిడి ఉంటే మిగతాదంతా వృథా. పైగా ఇంజిన్ అదనంగా వేడెక్కుతుంది. మీరు దాన్ని కార్బ్యురేటర్ తప్పనుకుని ఇంధనం సర్దే సూదులు తిప్పుతూ కూర్చుంటారు. నేను ఒక సీజన్ మొత్తం అలాగే కూర్చున్నాను.

తర్వాత రెండు నట్లూ పూర్తిగా వదులు చేయండి. రిమోట్‌లో బ్రేక్ ఈపీఏ 80 దగ్గర పెట్టండి, 100 వద్దు. బండిని కింద పెట్టి, ట్రిగ్గర్‌ను చివరిదాకా ముందుకు తోసి (అంటే పూర్తి బ్రేక్) పట్టుకుని, రెండో చేత్తో బండిని నెట్టండి. ముందు నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే ఒక చోట ముందు చక్రాలు తిరగడం మానేసి ఈడ్చుకుపోతాయి. అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి రండి. ఇప్పుడు వెనక నట్టు. వెనక చక్రాలు తిరగాలి కానీ బలంగా అడ్డుకుంటూ తిరగాలి, ఈడ్చుకుపోకూడదు. బెంచి మీద ఇంతవరకే తేలుతుంది, మిగతాది ట్రాక్ మీదే.

ట్రాక్ మీద పరీక్ష ఇలా. స్ట్రెయిట్ మీద సగం వేగంతో వచ్చి, స్టీరింగ్ ముట్టుకోకుండా పూర్తి బ్రేక్ వేయండి. బండి నేరుగా ఆగాలి. తర్వాత వెళ్ళి మట్టి మీద గీతలు చూడండి. ముందు చక్రాల గీతలు, వెనక చక్రాల గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి కంటికి తేల్చుకోవడం కష్టం. స్నేహితుడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించండి. ఏ చక్రం మొదట ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వీడియో పది మంది అభిప్రాయాల కంటే మేలు. నా బండి ముందు చక్రాలు లాక్ అవుతున్నాయని రెండు నెలలు వాదించాను. వీడియోలో చూస్తే ఎడమ వెనక చక్రం ఒక్కటే ఆగిపోతోంది. రియర్ డిఫ్‌లో నూనె కారిపోయి ఖాళీగా ఉంది.

అన్నట్టు డిఫ్ నూనె మాట వచ్చింది కాబట్టి: సెంటర్ డిఫ్‌లో చిక్కటి నూనె ఉంటే ముందు వెనక ఇరుసులు ఒకదానికొకటి కట్టేసినట్టు ఉంటాయి. అప్పుడు మీరు నట్టుతో ఎంత బయాస్ మార్చినా తేడా అంతగా తెలియదు. ఐదు వేల నూనెతో (అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది) అర చుట్టుకు తేడా తెలిస్తే, ఇరవై వేలతో రెండు చుట్లు తిప్పినా తెలియకపోవచ్చు. మీరు సెంటర్‌లో ఏం పోశారో రాయలేదు. ‘నట్టు తిప్పినా ఏమీ మారడం లేదు’ అనిపిస్తే అక్కడ చూడండి.

ఈపీఏ తగ్గించమన్న ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు. కానీ ఈపీఏ ముందు వెనక బ్రేక్‌లను రెండింటినీ కలిపి తగ్గిస్తుంది. నిష్పత్తి తప్పుగా ఉంటే, బలం తగ్గినా తప్పుగానే ఉంటుంది. బండి తిరగడం తగ్గుతుంది నిజమే, ఆగడం కూడా తగ్గుతుంది. నిష్పత్తిని నట్లతో సర్దుకోండి, బలాన్ని ఈపీఏతో సర్దుకోండి. మొదట 80 పెట్టమన్నది అందుకే. రేసు మధ్యలో ట్రాక్ మారితే పైకీ కిందకీ చోటు ఉంటుంది. కొన్ని రిమోట్లలో దీన్ని ఏటీఎల్ అంటారు, దానికి విడిగా ఒక బటన్ పెట్టుకోవచ్చు. డ్రైవర్ స్టాండ్ మీద నిలబడి బొటనవేలితో రెండు క్లిక్‌లు తగ్గించుకోవడం అలవాటు చేసుకోండి. సగం రేసు గడిచాక టైర్లలో గుబ్బలు అరిగి పట్టు పోయినప్పుడు ఇదే మిమ్మల్ని కాపాడుతుంది.

టైర్లు మార్చమన్న ఆయన మాట పక్కన పెట్టండి. వెనక టైర్లు నున్నగా అరిగిపోయి ఉంటే తప్ప ఇప్పుడే డబ్బు పెట్టకండి.

ఇక వేలు. ఇక్కడే ఎక్కువమంది ఒప్పుకోరు, నేనూ చాలాకాలం ఒప్పుకోలేదు. నిజం కారులో బ్రేక్ వేస్తే ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ మనం ముప్పై నలభై మీటర్ల దూరంలో, మెట్ల మీద నిలబడి ఉంటాం. చేతికి ఏమీ తెలియదు, కంటికి కనిపించేదాకా తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కన్ను చూసి వేలు కదలడానికి సెకనులో ఐదో వంతు పట్టినా మూడు మీటర్లకు పైనే పోయింది, అంటే ఆరు బండ్ల పొడవు. ఆ తర్వాత ఆగడానికి మంచి పట్టు మీద కూడా ఇరవై మీటర్ల దాకా కావాలి. కాబట్టి మలుపు చూసి బ్రేక్ వేయడం కుదరదు. ట్రాక్ పక్కన ఒక గుర్తు చూసి వేయాలి. ఒక పైపు జాయింటు, ఒక జెండా కర్ర, గోడ మీద మరక, ఏదైనా సరే. మొదటి ప్రాక్టీసులో నేను చేసే పని అదే. ప్రతి పెద్ద మలుపుకూ ఒక గుర్తు పెట్టుకుంటాను.

మీరు ‘బ్రేక్ వేస్తూ మలుపులోకి తిప్పుతున్నాను’ అని రాశారు. సమస్య అక్కడ కూడా ఉంది. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. అది ఆగడానికి వాడితే తిరగడానికి మిగలదు. మొదట్లో ఇలా చేయండి: స్టీరింగ్ నేరుగా ఉండగానే గట్టిగా బ్రేక్ వేసి, పూర్తిగా వదిలేసి, అప్పుడు తిప్పండి. మూడు పనులు, మూడూ విడివిడిగా. ల్యాప్ టైం మొదట్లో కొంచెం పెరుగుతుంది, టెన్షన్ పడకండి. బండి తిరిగిపోవడం ఆగాక, బ్రేక్ వదలడాన్ని కొద్దికొద్దిగా మలుపులోకి సాగదీయండి. అంటే తిప్పడం మొదలుపెట్టేసరికి బ్రేక్ పావు వంతే మిగిలి ఉండి, తిప్పుతున్నకొద్దీ సున్నాకు రావాలి. ఆ పావు వంతు బ్రేక్ ముందు చక్రాల మీద బరువు నిలిపి ఉంచుతుంది, ముక్కు మలుపులోకి చక్కగా వస్తుంది. రేసులో ముందు వరుసలో ఉండేవాళ్ళు బ్రేక్‌ను ఆగడానికంటే ఎక్కువగా ఇందుకే వాడతారు. కొత్తవాళ్ళు బ్రేక్ ఎలా వేయాలని అడుగుతారు. నన్నడిగితే వదలడమే కష్టం. ట్రిగ్గర్‌ను టక్కున వదిలేస్తే స్ప్రింగ్ లాగి మధ్యకు తెస్తుంది, బరువు ఒక్కసారి వెనక్కి పోతుంది, ముక్కు మళ్ళీ బయటికి పోతుంది.

దీనికి రిమోట్‌లో బ్రేక్ ఎక్స్‌పో కొంచెం సాయం చేస్తుంది. మొదటి సగం ట్రిగ్గర్ మెత్తగా ఉండేలా పెట్టుకుంటే వేలికి చోటు దొరుకుతుంది. ఏబీఎస్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది సర్వోను టకటకా వదిలి పట్టిస్తుంది. బాగా జారే నేల మీద పనిచేస్తుంది. కానీ మీ బయాస్ తప్పును దాచిపెడుతుంది కాబట్టి నేర్చుకునేటప్పుడు ఆపేసి ఉంచండి.

గెంతుల మీద బ్రేక్ సంగతి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. బండి గాల్లో ఉండగా చక్రాలు వేగంగా తిరుగుతూ ఉంటాయి. వాటిని ఆపితే ఆ తిరుగుడు బండి ఒంట్లోకి వస్తుంది, ముక్కు కిందికి దిగుతుంది. థ్రాటిల్ ఇస్తే ముక్కు పైకి లేస్తుంది. ముక్కు మరీ లేచి వెనక్కి పడబోతుంటే ఒక్క చిన్న తట్టు చాలు. కానీ తట్టి వదిలేయాలి. బ్రేక్ పట్టుకునే నేల మీదికి దిగితే చక్రాలు ఆగి ఉండగానే నేల తగులుతుంది. అప్పుడు బండి పల్టీ కొడుతుంది, లేదంటే డ్రైవ్ షాఫ్ట్ మీద దెబ్బ పడుతుంది. దిగే లోపు వేలు మధ్యకు రావాలి.

ఇప్పుడు ఎలక్ట్రిక్. మొదటి పని: ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలో) రివర్స్ ఆపేసి, ఫార్వర్డ్-బ్రేక్ మాత్రమే ఉండే మోడ్ పెట్టండి. రివర్స్ ఉంచితే ట్రిగ్గర్ రెండోసారి తోసినప్పుడు బండి వెనక్కి నడుస్తుంది. రేసు మధ్యలో అది మీకూ పక్కవాడికీ ప్రమాదం.

ఎలక్ట్రిక్ బగ్గీలో డిస్కులు ఉండవు, మోటారే బ్రేక్. తిరుగుతున్న మోటారు తీగలను ఈఎస్‌సీ కలిపేస్తుంది, మోటారు తనే కరెంటు పుట్టించి ఆ కరెంటుతోనే తనను ఆపుకుంటుంది. వేగం ఎక్కువ ఉన్నప్పుడు గట్టిగా పడుతుంది, వేగం తగ్గినకొద్దీ బలం తగ్గుతుంది. నైట్రో నుంచి వచ్చినవాళ్ళకు మొదటి రోజు ఇది వింతగా ఉంటుంది. ఇంకో పెద్ద తేడా, ముందు వెనక నిష్పత్తి సర్దడానికి నట్టు లేదు. ఆ పని సెంటర్ డిఫ్ నూనె చేస్తుంది. పలచటి నూనె ఉంటే డిఫ్ రెండు వైపులకూ సమానంగానే బలం పంచుతుంది. కానీ బ్రేక్‌లో వెనక తేలికైపోయింది కదా, వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి, ముందువాటికి బలం అందదు. ఫలితం, బండి సరిగ్గా ఆగదు, పైగా వెనక జారుతుంది. చిక్కటి నూనె పోస్తే రెండు ఇరుసులూ కలిసి ఆగుతాయి. కాబట్టి మీకు ఇదే తిరిగిపోయే సమస్య ఎలక్ట్రిక్‌లో వస్తే నేను ముందు సెంటర్ నూనెను ఒక మెట్టు చిక్కగా చేస్తాను, ఏడు వేలు ఉంటే పది వేలకు.

తర్వాత ఈఎస్‌సీలో బ్రేక్ ఫోర్స్. 60 శాతం దగ్గర మొదలుపెట్టండి. డ్రాగ్ బ్రేక్ అని ఒకటి ఉంటుంది, ట్రిగ్గర్ వదిలేయగానే దానంతట అదే పడే చిన్న బ్రేక్. నైట్రోలో థ్రాటిల్ వదిలితే క్లచ్ విడిపోయి బండి జారుకుంటూ పోతుంది. ఎలక్ట్రిక్‌లో డ్రాగ్ బ్రేక్ పెడితే వదలగానే ముక్కు బరువెక్కుతుంది. మలుపులు మెలికలుగా ఉన్న ట్రాక్‌లో అది హాయి. కానీ గెంతులు ఎక్కువ ఉన్న చోట తలనొప్పి, ఎందుకంటే గాల్లో థ్రాటిల్ వదలగానే ముక్కు కిందికి దిగిపోతుంది. ఒకసారి డ్రాగ్ 20 పెట్టుకుని వెళ్ళి, డబుల్ జంప్ మీద ప్రతిసారీ ముక్కు పాతుకుని, తప్పు షాక్‌లదనుకుని వెనక స్ప్రింగులు మార్చాను. డ్రాగ్ 5కు తగ్గించాక అన్నీ మామూలే. మట్టి మీద ఐదు నుంచి పది చాలు.

వెనక చక్రాలు మాత్రమే నడిచే 1/10 బగ్గీ కొంటున్నట్లయితే ఇదంతా మరచిపోండి. అక్కడ బ్రేక్ వెనక మాత్రమే పడుతుంది, గట్టిగా వేస్తే తిరగక తప్పదు. ముందుగానే, మెత్తగా, నేరుగా ఉండగా వేయాలి. ముందు వన్‌వే డిఫ్ ఉన్న టూరింగ్ కార్లదీ అదే బాధ. వన్‌వే ముందు చక్రాలను ఆపనివ్వదు కాబట్టి నాలుగు చక్రాల బండి కూడా బ్రేక్ వేసినప్పుడు రెండు చక్రాల బండే.

మళ్ళీ నైట్రోకు వస్తే, శుభ్రత. ఇంధనంలోని నూనె పొగతో కలిసి డిస్కుల మీద పడుతుంది. ప్యాడ్లు నూనె తాగితే బ్రేక్ ఒక వైపు బలహీనమవుతుంది. ముందు ప్యాడ్ నూనె తాగితే మీ బయాస్ తెలియకుండానే వెనక్కి జరిగిపోయినట్టే, అంటే అచ్చం మీరు చెప్పిన లక్షణమే. కాబట్టి నట్టు తిప్పేముందు ఐదు నిమిషాలు దీనికి పెట్టండి. ప్యాడ్లు విప్పి, మోటార్ క్లీనర్ స్ప్రే కొట్టి, సన్న ఎమరీ కాగితం మీద నాలుగుసార్లు రుద్దండి. మెరుస్తున్న ముఖం మాసిన రంగుకు రావాలి. క్యామ్ స్క్రూకు థ్రెడ్‌లాక్ జిగురు ఒక చుక్క వేయండి, లేదంటే ఇంజిన్ అదురుకు స్క్రూ వదులవుతుంది. రిసీవర్ బ్యాటరీ నిండుగా ఉందో చూడండి. వోల్టేజ్ పడిపోతే సర్వో బలం తగ్గి, మొదటి పది నిమిషాల బ్రేక్, చివరి పది నిమిషాల బ్రేక్ వేర్వేరుగా ఉంటాయి.

ఫెయిల్‌సేఫ్ పెట్టారా? ప్రశ్నలో లేదు కాబట్టి అడుగుతున్నాను. సిగ్నల్ పోతే సర్వో బ్రేక్ వైపుకు వెళ్ళేలా రిమోట్ మాన్యువల్ చూసి సెట్ చేయండి. తర్వాత బండిని స్టాండ్ మీద పెట్టి, ఇంజిన్ ఆపి, రిమోట్ ఆఫ్ చేసి చూడండి, బ్రేక్ క్యామ్ కదలాలి. కార్బ్యురేటర్‌కు ఒక రిటర్న్ స్ప్రింగ్ కూడా తగిలించండి. రిసీవర్ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఫెయిల్‌సేఫ్ కూడా పనిచేయదు, అప్పుడు థ్రాటిల్‌ను మూసేది ఆ స్ప్రింగే. నాకు ఒకసారి బ్యాటరీ ప్లగ్ ఊడిపోయింది, స్ప్రింగ్ లేదు. బండి పూర్తి థ్రాటిల్‌తో కంచె దూకి పార్కింగ్‌లో ఒక స్కూటర్ ఇండికేటర్ పగలగొట్టింది. తప్పు నాదే. ఆ రోజు గెలిచిన దానికన్నా ఇండికేటర్‌కు కట్టిందే ఎక్కువ.

సెంటర్ డిఫ్ నూనె నంబరు, టైరు రకం, ప్యాడ్లు చివరిసారి ఎప్పుడు విప్పారో రాయండి. వెనక నట్టు అర చుట్టు వదిలి పది ల్యాప్‌లు తిప్పాక ఏమైందో కూడా చెప్పండి, అక్కడి నుంచి చూద్దాం.